మాను చేమ, నేల చేమ

చేమాకు వెనక్కి తిప్పి మధ్య ఈనెను కత్తితో చెక్కుతున్నాను. ఈనె లావుగా ఉండిపోతే ఆకు చుట్టేటప్పుడు విరుగుతుంది. ఆరో ఆకు చేతిలోకి తీసుకోగానే వినుతక్క “ఆగు” అంది. తన గాజులు రెండూ తీసి నా చేతికి తొడగబోయింది.

“చెయ్యి ముడువు. అబ్బ, ఎంత మొరటు చెయ్యే నీది! రోకలి పట్టినట్టుంది. ఆఁ, ఎక్కింది. ఇప్పుడు చెక్కు. నెమ్మదిగా. మోచెయ్యి ఫోనులో పడకూడదు.”

ఫోనుకు కనబడే మొహం ఆమెది, చేతులు నావి. మొహం కనబడినప్పుడు ఉన్న గాజులే చేతులు కనబడినప్పుడూ ఉండాలి కదా. మూడేళ్ళుగా అలాగే జరుగుతోంది.

వినుతక్క నా తోడికోడలు. మంగళూరులో పుట్టి పెరిగింది. మా ఇద్దరి భర్తలూ ముంబైలో హోటలు పనిలో ఉంటే మేమిద్దరం కార్కళ పక్కన ఈ ఇంట్లో అత్తతో ఉంటాం. ఇంట్లో సులభంగా వండుకునే వంటలు చూపిస్తూ ఆమె ఫోనులో ఒక ఛానెల్ నడుపుతుంది. నలభై వేల మంది చూస్తారు. మాటలు ఆమెవి. మాట చక్కగా ఉంటుంది, అది కాదనను. వంటలు మాత్రం మా అమ్మవి. చార్మాడి కొండ కింద మా ఊళ్ళో అమ్మ దగ్గర నేర్చుకున్నవి.

ఆ రోజు చేసింది పత్రొడె. నానబెట్టిన బియ్యం, కొబ్బరి, ఎండుమిరప, ధనియాలు, బెల్లం, చింతపండు బరకగా రుబ్బి, చేమాకు మీద పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టి, ఆవిరి మీద ఉడికించడం. అందరూ చేసేదే. అమ్మ మాత్రం అందులో వేయించిన ఉలవలు పొడికొట్టి కలుపుతుంది. ఇంకెవరూ కలపరు. దానివల్ల ముక్క కోసినా విడిపోదు, నోట్లో వేసుకుంటే కమ్మగా ఉంటుంది.

“ఉలవపొడి సంగతి బాగుందే! ఇది మా అమ్మమ్మ చెప్పిన కిటుకు అంటాను,” అంది వినుతక్క. “చింతపండు ఎంత?”

“మా అమ్మ పిడికెడు వేస్తుంది.”

“పిడికెడా! రంగు నల్లబడదూ? ఉసిరికాయంత చాలు అంటాను.”

ఆ రోజు నేను తెచ్చినవి మాను చేమాకులు. వానలు పడగానే పనస మాను మీద నాచులో మొలుస్తాయి. వాటికి దురద ఉండదు. ఉసిరికాయంత చాలు, అసలు వేయకపోయినా పరవాలేదు. నూతి పక్క బురదలో మొలిచే నేల చేమకైతే పిడికెడు పడాల్సిందే. లేకపోతే గొంతులో ముళ్ళు గుచ్చినట్టుంటుంది. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లకు కూడా తెలిసిన సంగతి. వినుతక్క అడగలేదు. నేను చెప్పబోయేసరికి ఆమె ఫోను ఆన్ చేసింది.

“నమస్కారం అండీ! వానల నెల ఆటి వస్తోంది కదా, ఇవాళ మా అమ్మమ్మ పత్రొడె. ఏ చేమాకైనా సరే, చాలా సులభం...”

తర్వాత రెండు వారాలకు అమ్మ ఫోను చేసింది. మామూలుగా అమ్మ గట్టిగా మాట్లాడుతుంది, కొండ కింద సిగ్నలు అందదని భయం. ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

“రక్షితా, ఆ ఫోనులో కనబడేది మీ వినుతేనా?”

“అవునమ్మా. ఏం?”

ఊళ్ళో సీమంతానికి అమ్మే పత్రొడె చేసిందట. ఇరవై ఏళ్ళుగా ఎవరింట్లో ఏం జరిగినా పత్రొడె అమ్మే చేయాలి. వడ్డిస్తుంటే పుత్తూరు నించి వచ్చిన ఒక అమ్మాయి ముక్క తిని, “హరిణాక్షత్తా, మీరూ వినుత ఛానెల్ చూస్తారా! అచ్చం అలాగే దింపారు, ఉలవపొడితో సహా” అందట. పంక్తిలో అందరూ నవ్వారట. “ఈ వయసులో ఫోను చూసి నేర్చుకున్నావా హరిణక్కా” అన్నారట.

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను! నాదే అంటే మాత్రం నమ్ముతారా? అందులో వాళ్ళ అమ్మమ్మది అని చెప్పింది కదా. పేరు చెప్పమని నువ్వు అడగలేదా?” అంది.

ఆ తర్వాత ఇంకో ఇంట్లో పిలిస్తే చెయ్యి నొప్పి అని వెళ్ళలేదని తమ్ముడు చెప్పాడు. అమ్మకు చెయ్యి నొప్పి లేదు.

అమ్మ ఫోను చేసిన మర్నాడే అడిగాను. వినుతక్క గోళ్ళకు రంగు వేసుకుంటోంది. చేతులు ఖాళీ లేవని, చూసినవాళ్ళు రాసిన మాటలు నాచేత చదివిస్తోంది.

“అక్కా, పత్రొడె మా అమ్మదని ఒక్క మాట చెప్పవా?”

“ఎవరికే కావాలి మీ అమ్మ పేరు? వాళ్ళకు కావాల్సింది గబగబా వండడం ఎలాగో. వంటకు పట్టా రాసిచ్చారా మీ అమ్మకు, సర్వే నంబరుతో?” ఆమె జోకు ఆమెకే నచ్చి నవ్వింది. “చదువు చదువు. తర్వాత ఎవరు?”

“‘మేడం, మీరు చెప్పినట్టే చేశాం. ఇంటిల్లిపాదికీ గొంతు దురద. పిల్లాడు రాత్రంతా ఏడ్చాడు.’”

“వాళ్ళకు వండడం రాదు. అది తీసెయ్.”

తీసేశాను. అలాంటివి ఆ రోజు ఐదు తీసేశాను, నా వేలితోనే. ఐదోది తీసేస్తున్నప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. వచ్చాక పోలేదు. బియ్యం కడుగుతున్నా, ఆవుకు గడ్డి వేస్తున్నా అదే.

ఆటి నెలలో ఊరి మహిళా సంఘం వంటల పండగ పెట్టింది. వినుతక్క ముఖ్య అతిథి. అందరి ఎదుట పత్రొడె చేసి చూపించాలి. వేదిక మీదికి నా చేతులు తీసుకెళ్ళడం కుదరదు కదా. వారం రోజులు తనే ఆకు చుట్టడం నేర్చుకుంది.

“పొద్దున్నే ఇరవై ఆకులు కోసి పెట్టు. పెద్దవి చూడు. కిందటిసారివి చిన్నగా ఉన్నాయి.”

గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళాను. పనస మాను ఎడమ పక్క, నుయ్యి కుడి పక్క. కాసేపు అక్కడే నిలబడ్డానని చెప్పాలి. తర్వాత కుడి పక్కకు తిరిగాను. ఏనుగు చెవుల్లాంటి ఆకులు, ముదురు ఆకుపచ్చవి, ఇరవై కోశాను.

“అబ్బ, ఎంత బాగున్నాయే! ఇన్నాళ్ళూ ఇవి ఎక్కడ దాచావు?” అంది వినుతక్క. నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

అత్తా నేనూ రెండో వరసలో కూర్చున్నాం. రేకుల మీద వాన మోగుతోంది. వినుతక్క పట్టుచీర కట్టుకుని మైకులో చక్కగా మాట్లాడింది. చింతపండు ఉసిరికాయంత తీసి అందరికీ చూపించి, “ఇంతే అండీ, ఎక్కువైతే రంగు చెడుతుంది” అంది. ముందు వరసలో వారిజక్క అనే ముసలావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. ఆవిడా ఇంకో ఇద్దరూ రుచి చూసే పెద్దలు.

ముక్కలు పళ్ళెంలో వచ్చాయి. వారిజక్క ఒకటి కొరికింది. నమలడం ఆపింది. నాలుక పైకీ కిందికీ తిప్పి, గొంతు సవరించుకుంది. మిగతా ఇద్దరూ అప్పటికే దగ్గుతున్నారు.

“ఏ చేమ పిల్లా ఇది?” అని అడిగింది వారిజక్క. “మానుదా, నేలదా?”

వినుతక్క నవ్వింది. “చేమాకేనండీ. పొద్దున్నే కోసినవి.”

“అది సరే. చెట్టు మీద నించి కోశావా, బురదలోంచి కోశావా?”

వినుతక్క నాకేసి చూసింది. ఆమె చూపు వెంట హాల్లో వాళ్ళందరూ నాకేసి చూశారు. నేను అత్త చీర కుచ్చెళ్ళకు తగిలిన బురద దులుపుతూ కూర్చున్నాను.

“దీనికి ఆకే తెలీదు!” అని వెనక ఎవరో అన్నారు. “అమ్మమ్మ ఫోనులో చెప్పుంటుంది, వినబడలేదు పాపం.” హాలంతా నవ్వింది.

“ఏమీ లేదండీ, చూడండి, నేను తింటాను,” అని వినుతక్క పెద్ద ముక్క నోట్లో పెట్టుకుంది. మింగింది కూడా. అంతే, మైకు అలాగే చేత్తో పట్టుకుని దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు హాలు నాలుగు మూలలా వినబడింది. ఎవరో బెల్లం, మజ్జిగ తెచ్చారు.

ఆ దగ్గు వింటుంటే నాకు హాయిగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పను! సీమంతం పంక్తిలో మా అమ్మ గరిటె పట్టుకుని ఎలా నిలబడి ఉంటుందో తలుచుకుంటూ విన్నాను.

ఇంటికి రాగానే వినుతక్క వంటింట్లో నన్ను నిలదీసింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

“తెలిసే తెచ్చావు కదూ?”

“తెలిసే తెచ్చాను.”

“ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు అక్కా. ఏ చేమాకైనా సరే అని నువ్వే అన్నావు. నలభై వేల మందికి చెప్పావు.”

చెయ్యి ఎత్తింది కానీ కొట్టలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రెండు రోజులు బయటికి సరిగ్గా రాలేదు. మూడో రోజు ఛానెల్లో కొత్త వీడియో వచ్చింది. పొయ్యి లేదు, గిన్నెలు లేవు, మొహం ఒక్కటే.

“నా మీద నమ్మకంతో పత్రొడె చేసుకుని బాధపడిన వాళ్ళందరూ నన్ను క్షమించాలి. ఆ వంట నాది కాదు. చార్మాడి దగ్గర హరిణాక్షి అనే ఆవిడ చెప్పింది. పెద్దావిడ కదా అని గుడ్డిగా నమ్మాను. పల్లెటూరి వాళ్ళ కొలతలకు ఒక లెక్కా పత్రం ఉండదు. దయచేసి ఎవరూ చేయకండి.”

అమ్మ పేరు తెర కింద పెద్ద అక్షరాలతో రాసింది. నేను అడిగిందే చేసింది.

ఎంత సేపు ఆ పేరు చూస్తూ కూర్చున్నానో. కొట్టాలంటే ఎక్కడ కొట్టాలో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఆదివారం పదకొండు గంటల బస్సుకు అమ్మ దిగింది. చెప్పకుండా వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, గొడుగు. అత్త కంగారుగా ఎదురెళ్ళింది.

“రండి వదినా, ఇంత వానలో... కాఫీ తాగుదురు గానీ.”

“తర్వాత, జలజొదినా. కాస్త మీ వంటిల్లు కావాలి.”

అమ్మ తిన్నగా పెరట్లోకి వెళ్ళింది. పనస మాను వైపు చూసి కూడా నూతి దగ్గరికే వెళ్ళి నేల చేమాకులు కోసుకొచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని ఈనెలు చెక్కింది. రుబ్బడం, పూయడం, చుట్టడం అన్నీ తనే చేసింది. నేను సాయం పట్టబోతే చేత్తోనే వద్దంది. సంచిలోంచి ఉలవపొడి తీసింది. చింతపండు పిడికెడు తీసి నానబెట్టింది.

ఆవిరి వాసనకు వినుతక్క గది తలుపు తెరుచుకుంది. అమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“రామ్మా, కూర్చో,” అంది అమ్మ. ముక్కలు కోసి, తాలింపు వేసి, ఒక పళ్ళెం అత్తకూ ఒకటి వినుతక్కకూ పెట్టింది. “నేల చేమే. బురదలోదే. తిను.”

వినుతక్క కదల్లేదు. అత్త మాత్రం ఒకటి తిని రెండోది తీసుకుంది. “ఏమే, ఊరందరి చేతా తినిపించావు కదా, నువ్వు తినడానికేం?” అంది.

వినుతక్క చిన్న తునక తుంచుకుంది. నోట్లో వేసుకుంది. గొంతు పట్టుకోవడానికి చెయ్యి సగం లేచి దిగిపోయింది. ఇంకో తునక తిన్నది. తర్వాత ముక్క మొత్తం తిన్నది.

“దురదుందా?”

“లేదు.”

“ఫోను తెచ్చి పెట్టు. ఈ మాట అందులో చెప్పు. నా పేరు నీకు తెలుసు కదా.”

వినుతక్క అత్త వైపు చూసింది. “తెచ్చి పెట్టు” అంది అత్త. వినుతక్క ఫోను నిలబెట్టింది. అమ్మ తడి చేతులతో, నెరిసిన జుట్టుతో, ఆకు ముందు పెట్టుకుని కూర్చుంది. “మానుదైతే చింతపండు ఉసిరికాయంత, నేలదైతే పిడికెడు. మొదట్లోనే నానబెట్టుకోండి, రుబ్బేటప్పుడు బియ్యంతో కలిపేయండి. రంగు నల్లబడితే పడనివ్వండి,” అని చెప్పింది. అంతే చెప్పింది. చివర్లో వినుతక్క ఫోను వెనక నించి, “ఇది హరిణాక్షి గారి పత్రొడె. తప్పు నాది” అంది.

నాకు పగలబడి నవ్వాలనిపించింది. గెలిచాం అనుకున్నాను. అమ్మ దగ్గరికెళ్ళి పక్కన కూర్చున్నాను.

అప్పుడు అమ్మ వినుతక్కను అడిగింది. “ఆ పండగ రోజు ఆకులు నువ్వే కోశావా?”

వినుతక్క నా వైపు వేలు చూపించలేదు. తల వంచుకుంది. చెప్పకుండా ఊరుకోవడం ఆమెకూ వచ్చని అప్పుడే తెలిసింది.

“నేను కోశాను,” అన్నాను.

“ఏ చేమో తెలీకుండానా?”

“తెలిసే కోశాను. నీ కోసమే అమ్మా. నిన్ను పంక్తిలో అంత మాటన్నారు...”

అమ్మ నా మొహం కేసి చూసింది. వంటల పండగలో ఆ ముక్కలు రుచి చూసిన ముగ్గురూ డెబ్భై దాటిన వాళ్ళు. ఆ సంగతి వీడియోలో ఎక్కడా లేదు, కానీ అమ్మకు ఎవరో చెప్పి ఉంటారు. నేను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను. మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ అదే చేస్తానని కూడా అన్నాననుకుంటాను. ఇప్పుడైనా అదే అంటాను.

అమ్మ లేచి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. మిగిలిన ఉలవపొడి మూట కట్టి సంచిలో వేసుకుంది. తన వంతు ముక్కలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. “ఉండండి వదినా, భోంచేసి వెళ్దురు” అని అత్త లేస్తూనే ఉంది. అమ్మ గొడుగు తెరిచి, నన్ను దాటుకుని మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయింది.