మూడో నంబరు

గుల్లలపేట ఒడ్డుకి పడవలు ఎనిమిదింటికి వస్తాయి. వేలంపాట ముగిసి, కొన్న కవళ్ళ చేపలు తట్టలోకెత్తి, పైన ఐసు ముక్కలు పోసుకుని కూర్మమ్మ రోడ్డెక్కేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. నెల్లిమర్ల ఆటో పదింటికి గాని రాదు. ఆ కాసేపట్లో ఆమె ప్రభుత్వ డిగ్రీ కాలేజీ గోడ వెంట నడిచి రెండో కిటికీ దగ్గర ఆగుతుంది. తట్ట దించదు. బీఎస్సీ రెండో సంవత్సరం క్లాసులో, ఆఖరి బెంచీ మీద కొడుకు నాగబాబు కూర్చుని ఉంటాడు. ఒకసారి చూసుకుని వెళ్ళిపోతుంది.

నాగబాబు కిందటి డిసెంబరు సెలవుల్లో మేనమామతో వేటకెళ్ళి తుపానులో పోయాడు. మేనమామ శవం మూడో రోజున ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నాగబాబుది రాలేదు. సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రోజున మాత్రం అతను వచ్చాడు, వేటకి వేసుకెళ్ళిన నీలం చొక్కాతోనే. జంతుశాస్త్రం చెప్పే జానకిరామయ్య మాస్టారు హాజరు పిలిస్తే తొమ్మిదో నంబరు దగ్గర "ప్రెజెంట్ సార్" అన్నాడు. మాస్టారు టిక్కు పెట్టారు. అంతకు మించి అతను ఎప్పుడూ మాట్లాడలేదు. చొక్కా నుంచి కారే నీళ్ళు గదంతా పారి గుమ్మం దాటేవి. పిల్లలు సంచులు బల్లల మీద పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు.

"ఒరే, కాస్త పిండుకుని రారా. నా రికార్డు తడిసిపోతన్నాది," అని ముందు బెంచీలో యుగంధర్ విసుక్కునేవాడు.

ఆ కాలేజీ మీద ఊళ్ళో ఎవరికీ గొప్ప అభిప్రాయం లేదు. ఎక్కడా సీటు రానివాళ్ళు చేరేదని పేరు. గేటు మీది బోర్డులో రెండక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి. కానీ ఉన్న నలభై ఒక్కమందికి ఆరుగురు లెక్చరర్లు. ల్యాబులో ఇద్దరికొక మైక్రోస్కోపు. నిరుడు పాసైన తొమ్మిదిమందిలో ముగ్గురు పీజీలో చేరారు. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. కూర్మమ్మ కూతురు తులసి ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి అన్న వెంట వెళ్ళి, అక్కడ రొయ్య మొప్పని మైక్రోస్కోపులో చూసొచ్చింది. చేరితే అక్కడే చేరతానని ఆ రోజే చెప్పేసింది.

చిక్కల్లా ఫోను దగ్గర వచ్చింది. ఇంట్లో ఫోను నాగబాబుదొక్కటే. తులసి ఇంటర్ కాగితాల్లో రాయించింది ఆ నంబరే. డిగ్రీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెడితే ఓటీపీ దానికే పోతుంది. ఫోను నాగబాబు జేబులో ఉంది. సిమ్ము అతని పేరనే ఉంది గనక, నంబరు మార్చాలంటే అతను చనిపోయినట్టు కాగితం కావాలి. శవం దొరకనివాడికి ఆ కాగితం ఇవ్వరు.

విజయనగరం నుంచి ఓ ప్రైవేటు కాలేజీ తరఫున హరిబాబు స్కూటరు మీద వచ్చాడు.

"మీరు ఇక్కడ వేలిముద్ర వెయ్యండమ్మా, చాలు. కాగితం నేను పుట్టిస్తాను. పాప మా ఏసీ బస్సులో వెళ్ళొస్తుంది."

"దేనికి బాబూ ఏలిముద్ర?"

"అబ్బాయి పోయాడని."

"రోజూ కాలేజీకి ఎల్తన్నోడు పోనాడని నానెలా ఏసేది?"

తులసి గుమ్మంలోంచి అడిగింది. "మీ కాలేజీలో ల్యాబు తాళం ఎవరికాడుంటాది?"

హరిబాబు నవ్వాడు. "తాళంతో నీకేం పనమ్మా? పాస్ చేయించే పూచీ మాది."

పోతూ పోతూ అతను క్లాసుకి కూడా వెళ్ళి, "తమ్ముడూ, ఓటీపీ వస్తే కాస్త చెప్పవా," అని బతిమాలాడు. నాగబాబు బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు జానకిరామయ్య మాస్టారు వెళ్ళి అడిగారు. నాగబాబు జేబులోంచి ఫోను తీశాడు. దాన్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. వెలిగిన తెర చూసి ఆరంకెలు చదివాడు. ఆఫీసు గదిలో తులసి దరఖాస్తు నమోదైంది.

ఆ రోజు నీళ్ళు గది మధ్యలోనే ఆగిపోయాయి.

వారం తర్వాత కాలేజీలు ఎంచుకోవడానికి ఇంకో ఓటీపీ. అదీ చదివాడు. తులసి మొదటి ఎంపికగా ఆ ఊరి కాలేజీనే పెట్టింది. రెండోది పెట్టలేదు. ఆ సాయంత్రానికి నాగబాబు ఒంటి మీద పంట్లాం అంచులు మాత్రమే తడిగా ఉన్నాయి. మర్నాడు కిటికీలోంచి చూసిన కూర్మమ్మ ఆటో ఎక్కడం మరిచిపోయింది.

సీటు వచ్చింది. చేరుతున్నట్టు ఖాయం చెయ్యడానికి మూడో ఓటీపీ. గడువు ఆ సాయంత్రం ఐదు. అటెండరు దానమ్మ కూర్మమ్మని గేటు దగ్గరే పట్టుకుంది.

"వొదినా, రెండుసార్లకే ఇంత ఆరిపోనాడు. మూడోది సెప్పినాడంటే మరి రాడే."

మాస్టారు వరండాలో నిలబడి ఉన్నారు. "ఇది నేను అడగలేను కూర్మమ్మా," అన్నారు.

"అడక్కపోతే?"

"ఈ ఏడాదికి పాపకి ఎక్కడా సీటుండదు. వచ్చే ఏడాదీ అదే నంబరు, అదే గొడవ."

"వొద్దులే అమ్మా," అంది తులసి. "నానూ నీతో తట్టెత్తుకుంటాను."

"నోర్ముయ్యవే."

కూర్మమ్మ తట్ట వరండాలో దించి, తలమీది చుట్టగుడ్డ తీసి చేతులు తుడుచుకుని క్లాసులోకి వెళ్ళింది. ఎప్పుడూ లోపలికి రాలేదు గనక ఎటు నడవాలో తెలియక ఒక్క క్షణం ఆగింది. యుగంధర్ లేచి దారిచ్చాడు. ఆమె ఆఖరి బెంచీ మీద కొడుకు పక్కన కూర్చుని జుట్టులో చెయ్యి పెట్టింది. ఎండిపోయి, ఉప్పుకి బిరుసెక్కి ఉంది.

"నాన్నా, సెల్లికి నంబరు సెప్పరా."

అతను ఆర్నెల్ల తర్వాత మొదటిసారి తల్లి ముఖంలోకి చూశాడు. ఫోను తీశాడు.

"ఏడు."

కూర్మమ్మకి అంకెలు రాయడం రాదు. "ఏడు," అని పైకి అంది. గుమ్మంలో దానమ్మ అందుకుని ఆఫీసు గదిలోకి కేకేసింది. "సున్నా." "సున్నా." "నాలుగు." ఆరింటికీ అలాగే అన్నారు.

"ఇంకేటి?" అంది కూర్మమ్మ. ఆరే ఉంటాయని ఆమెకి తెలుసు.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసులో ప్రింటరు చప్పుడు వినబడింది.

కూర్మమ్మ నెల్లిమర్ల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఐసంతా కరిగిపోయింది. ఆ వీధికి కొత్తగా కాపురానికొచ్చిన ఒకామె కిలో కవళ్ళు అడిగింది.

"ఇంత ఎండలో వచ్చావేం?"

"పిల్లని డిగ్రీలో ఏసొచ్చినానమ్మా. మా ఊరి గవర్నమెంటు కాలేజీ."

"అయ్యో, మంచిదాంట్లో సీటు రాలేదా?"

"మంచిదేనమ్మా."

"పాపేనా, ఇంకా ఉన్నారా పిల్లలు?"

కూర్మమ్మ తూచిన చేపల్ని తిరిగి తట్టలో పోసి, మళ్ళీ మొదట్నుంచీ తూచింది.

"ఒక్కర్తే," అంది.