ఇంజను ఆగాకే దిగాలి

నేను ఒక పన్నెండంగుళాల స్పీకర్‌ని. చూడటానికి భారీగానే ఉంటాను గానీ, నా మొహం వట్టి కాగితం. వెనక బండెడు అయస్కాంతాన్ని మోస్తూ, ముందు కాగితం మొహంతో నెట్టుకురావడం ఎంత కష్టమో మీకేం తెలుసు! పాట ఎంత జోరుగా వచ్చినా తట్టుకుంటాను. తట్టుకోలేనిదల్లా స్విచ్చి వేసేటప్పుడో తీసేటప్పుడో 'ధబ్' మని తగిలే దెబ్బ. మా వాళ్లలో సగం మంది ఆ దెబ్బకే పోయారు.

పుట్టింది మద్రాసులో, ఒక రేకుల షెడ్డులో. ఒకావిడ నా అంచుకు బంక రాస్తూ, పక్కావిడతో తన ఆడపడుచు మీద చాడీలు చెబుతూ ఉంది. నేను విన్న మొదటి మాటలు అవే. అక్కణ్ణుంచి బిట్రగుంటలో జిలానీ రేడియో రిపేరు కొట్టుకు చేరాను. అతను నన్ను టేకు పెట్టెలో బిగించి, నా నెత్తిన సన్నగొంతు ట్వీటర్ని కూర్చోబెట్టి, రిటైరైన రైల్వే గార్డు మస్తానయ్యకు అప్పగించాడు.

"గార్డు సారూ, ముందు టేపు స్విచ్చి వేయండి, ఆంప్లిఫయర్ చివర్న. కట్టేసేటప్పుడు మాత్రం ఆంప్లిఫయరే ముందు. తిరగేశారంటే, టేపు అదురునంతా అది పదింతలు చేసి దీని మొహాన కొడతాది" అన్నాడు జిలానీ.

"గార్డుకి చెప్తా ఉండావా జిలానీ! జనం ఎక్కినాక ఇంజను కదలాల. ఇంజను ఆగినాక జనం దిగాల. అంతే గదా?"

అంతే. ఆ రోజు నుంచి నాకు రాజభోగం. మస్తానయ్య టేపు స్విచ్చి వేసి, వాల్యూం సున్నాకు తిప్పి, పది లెక్కపెట్టి, పాత డ్యూటీ ఈల ఒకటి ఊది, అప్పుడు ఆంప్లిఫయర్ వేసేవాడు. ఇంత మర్యాద ఆ ఇంట్లో కొత్తల్లుడికి కూడా జరగలేదని ఆయన భార్య వెంగమ్మ దెప్పుతూ ఉండేది.

అయినా రెండేళ్లలో మూడు ట్వీటర్లు కాలిపోయాయి. నకిలీ సరుకు పెట్టావని మస్తానయ్య జిలానీ మీద ఎగిరాడు. జిలానీ బిడ్డల మీద ఒట్టేశాడు. అసలు సంగతి నాకు తెలుసు. కానీ ఊరందరి మాటలూ చెప్పే నాకు, నా సొంత మాట ఒక్కటీ చెప్పే వీలు లేదు.

దొంగ వెంగమ్మే. కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన మరుక్షణం మోటారు వేయకపోతే మేడ మీద ట్యాంకు నిండదు. అందరిళ్లలో గుర్తుకోసం ఒక లైటు స్విచ్చి వేసి ఉంచుతారు. పెరట్లో అంట్లు తోముకునే ఆవిడకు లైటు ఏం కనిపిస్తుంది? అందుకే కరెంటు పోయినప్పుడు, మొగుడు బయటికి వెళ్లగానే, చప్పుడు పెరట్లోకి వినపడేలా టేపుకున్న రేడియో, ఆంప్లిఫయర్ రెండూ వేసి, వాల్యూం నిండా తిప్పి పోయేది. కరెంటు వచ్చేసరికి ముందూ వెనకా లేకుండా అన్నీ ఒక్కసారే లేచి నన్ను తన్నేవి. నేను 'ధబ్' మని అరిచేదాన్ని, ఆవిడ మోటారుకు పరిగెత్తేది.

ఇంతలో గూడూరు నుంచి పాత ఇంజను డ్రైవరు దయానందం ఫోన్ చేశాడు. ఆవిరి ఇంజన్లు ఆగిపోయే ముందు వారం ఆయన నడిపిన బండి చప్పుడును మస్తానయ్య ప్లాట్‌ఫారం మీద నిలబడి టేపులో పట్టుకున్నాడు. ఆ క్యాసెట్టంటే మస్తానయ్యకు ప్రాణం.

"ఒరే మస్తానూ, కళ్లు పూర్తిగా పోయినాయిరా. చెవులన్నా ఉండంగానే ఒక్కసారి నా బండి ఇనిపించరా" అన్నాడు దయానందం. ఆదివారం వస్తానన్నాడు.

గురువారం కరెంటు పోయింది. మస్తానయ్య క్షవరానికి వెళ్లి, మంగలి లేడని వెంటనే తిరిగొచ్చాడు. ఆయన గడపలో కాలు పెట్టడం, కరెంటు రావడం, నా మొహం అంచున బెత్తెడు చిరగడం ఒక్కసారే జరిగాయి. తడి చేతులతో మోటారుకు పరిగెత్తుతున్న వెంగమ్మ ఆయనకు ఎదురుపడింది.

"ఏమే, ఎన్నాళ్లనించి?"

"ఈ పెట్టె ఇంటికొచ్చినకాడ్నించి" అందామె తల దించుకుని. మళ్లీ తలెత్తి, "మీ బండి ఒకపూట ఆగితే ఏం కాదు. ట్యాంకు నిండకపోతే ఇల్లే ఆగిపోద్ది!" అంది.

మస్తానయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మాత్రం పెరటి గోడకు ఒక ఆకుపచ్చ బల్బు బిగించి, "ఇది ఎలిగితే నీకు లైన్ క్లియర్. నా పాటల పెట్టెని మాత్రం ముట్టుకోబాక" అన్నాడు. అంతలో జిలానీ వచ్చి నన్ను చూసి తల పట్టుకున్నాడు. కొత్త కాగితం మద్రాసు నుంచి రావడానికి వారం పడుతుందట. పలచటి కాగితం ముక్కతో అతుకు వేశాడు. గరగర పోదు సారూ, అని ముందే చెప్పాడు.

ఆదివారం పొద్దున దయానందం కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. వచ్చి నా పెట్టెను ఒకసారి తడిమి, ఎదురుగా కూర్చున్నాడు. మస్తానయ్య టేపు వేసి, పది లెక్కపెట్టి, ఈల ఊదాడు. నాకు నిజంగా భయం వేసింది. ముసలాయన అంత దూరం నుంచి వచ్చింది నా గరగర వినడానికా?

ఆవిరి బుస్సుమంది. బండి కదిలింది. ఒక్కో ఊపుకూ నా అతుకు గలగలమని కొట్టుకుంది. మస్తానయ్య మొహం మాడిపోయింది, ఆపేయడానికి చెయ్యి చాచాడు.

"ఆపబాకరా!" అని కేకేశాడు దయానందం. "రేకురా అది! ఇంజన్లో నా కాళ్లకింద రేకు! ఎన్నిసార్లు బిగించినా ఊడొచ్చేది. ఇనపడతా ఉందా?"

ఆ క్యాసెట్టును మస్తానయ్య వెయ్యిసార్లు విని ఉంటాడు. అందులో రేకూ లేదు, గీకూ లేదు. ఆయన వెంగమ్మ వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవున్రా, ఆ రేకే" అన్నాడు మస్తానయ్య.

దయానందం కాలితో తాళం వేస్తూ, కళ్లు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. చిరిగిపోయినందుకు నేను సంతోషపడ్డది ఆ ఒక్కసారే. టేపు అయిపోగానే ఆయన లేవబోయాడు.

"కూర్చోండన్నా, ఇంజను ఆగినాక దిగాల" అంటూ వెంగమ్మే వచ్చి, ముందు ఆంప్లిఫయర్, తర్వాత టేపు కట్టేసింది. నాకు చీమ కుట్టినట్టయినా కాలేదు.

మరుసటి వారం జిలానీ కొత్త కాగితం పట్టుకుని వచ్చి, నా పెట్టె మరలు విప్పబోయాడు. వెంగమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ముట్టుకోబాక జిలానీ! నెలాఖరుకు అన్న మళ్లీ వస్తాడు. రేకు లేకపోతే ఆయన బండిని ఆయనే గుర్తుపట్టడు."