ఎక్కడ అన్నావో అక్కడే

ఇలాంటి అద్దాల షాపు ఒకటుందని అమెరికా అధ్యక్షుడికి తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. అయినా ఆ పెద్దమనిషి పుణ్యమా అని ఆ వేసవిలో బావా బావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా పని చేయాల్సి వచ్చింది. అద్దాల షాపులో అది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఎటు తిరిగినా ఎదుటివాడే కనిపిస్తాడు.

బావని చుట్టుపక్కలంతా అద్దాలాయన అనేవారు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ చేత్తోనే షట్టరు ఎత్తే మనిషి. అబద్ధం ఆడడు, వంకర కోత కోయడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. బావమరిది అక్క పెళ్ళయిన కొత్తలో ఆమె వెంట వచ్చి, ఈ పని నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయాడు. మేడ మీద గదిలో పడక, కింద అక్క చేతి భోజనం. పెళ్ళి మాట ఎత్తితే చెప్పులు వేసుకుని బయటికి నడిచే రకం. పనిలో బావకి కుడి భుజం. మాటలో మాత్రం బావ కుడి అంటే వాడు ఎడమ అనేవాడు.

గాజు పని చేసేవాళ్ళంతా కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఏ మందం గాజు ఎక్కడ దొరుకుతుంది, ఏ జిగురు పట్టదు, ఇలాంటివి చెప్పుకోవడానికి. మొదట్లో అవే చెప్పుకున్నారు. ఒకరోజు ఎవరో పుణ్యాత్ముడు అమెరికా అధ్యక్షుడి ప్రసంగం తెచ్చి అందులో పడేశాడు. పాత మిత్రదేశాల సరుకుల మీద సుంకాలు పెంచుతాడట, ఇన్నాళ్ళూ ఊరికే కాపలా కాశాం, ఇక ఎవరి కాపలా వాళ్ళే కాసుకోండి అంటున్నాడట. అంతే. ఆ రోజు నుంచి గ్రూపులో గాజు మాట ఎత్తినవాడు లేడు. వందలమంది రెండుగా చీలిపోయారు. ఒక చీలికలో బావ, రెండో చీలికలో బావమరిది.

"నిన్న నేను పెట్టింది చదివావా బావా?" అనేవాడు బావమరిది, కంబళి పరిచిన కోతబల్లకి అటుపక్క నుంచి.

"చదివాను. చదివి చేతులు కడుక్కున్నాను."

"నవ్వులాట కాదు. ఇన్నేళ్ళు అందరికీ గొడుగు పట్టాడు. చెయ్యి నొప్పెట్టి దించుతానంటే తప్పా?"

"దించడం వేరు, వానలో నిలబడ్డవాడి నెత్తి మీద అదే గొడుగుతో కొట్టడం వేరు. స్నేహితుడి సరుకు మీద సుంకం వెయ్యడం ఏం నీతిరా?"

"దేశాలకి నీతి ఉండదు బావా, లెక్క ఉంటుంది."

"నడిపేవాడు మనిషేగా. మనిషికి ఉండాలిగా."

"అబ్బో. నిన్ను సలహాదారుగా పెట్టుకుంటే బాగుండేది. పనిలో పని, వాళ్ళింట్లో ఒక నిలువుటద్దం కూడా బిగించి వచ్చేవాడివి."

బల్ల దగ్గర ఇలాగే ఉండేది. కోపం వచ్చినా నవ్వు దాని వెనకే వచ్చేది. ఫోనులో అలా కాదు. అక్కడ చూసేవాళ్ళుంటారు, ఎగదోసేవాళ్ళుంటారు. ఎదురుగా ఉన్నప్పుడు 'ఒరేయ్' అనే బావ అక్కడ 'తమరు' అనేవాడు. 'తమరు' అనడం మొదలైందంటే ఆ ఇంట్లో ఏదో పగలబోతోందని అర్థం.

ఒక మధ్యాహ్నం బావమరిది గ్రూపులో రాశాడు. "కొంతమంది పెద్దలకి పక్కవాడి సొమ్ముతో ధర్మం చెయ్యమంటే భలే సరదా." దాని కింద పకపకా నవ్వే బొమ్మలు వరసకట్టాయి. ఒకరు నవ్వితే ఊరుకునేవాడేమో, ఊరంతా నవ్వేసరికి బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. చేతికున్న గాజు పొడి కూడా తుడుచుకోకుండా టకటకా కొట్టాడు. "ఊరికే కాపలా కాశాం, ఊరికే తిండి పెట్టాం అని లెక్కలు చెప్పేవాళ్ళని సమర్థించే ముందు, తమరు ఎవరింట్లో ఊరికే తింటున్నారో చూసుకుంటే మంచిది."

నరం లేని నాలుక అంటారు పెద్దలు. ఆ నాలుకకి కనీసం పళ్ళు అడ్డం ఉంటాయి. బొటనవేలికి ఆ అడ్డు కూడా లేదు.

బల్లకి అటుపక్క బావమరిది ఫోను చూశాడు. మళ్ళీ చూశాడు. చేతిలో సగం కోసిన గాజు ఉంది. దాన్ని చివరిదాకా కోశాడు, అంచు మీద పెట్టి శుభ్రంగా విరిచాడు, పక్కన ఆనించాడు. కట్టరు తుడిచి పెట్టాడు.

"ఇది కిటికీ పక్కన పెట్టాను. కాలు తగలనివ్వకు" అని చెప్పి మేడ మెట్లు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇల్లాలు గుమ్మంలోనే నిలబడింది.

"ఏమన్నారు వాణ్ణి?"

"ఏమీ అనలేదు. గ్రూపులో రాశాను."

"రాస్తే అన్నట్టు కాదా?"

"ముందు వాడేం రాశాడో అడిగావా?"

"చూపించాడు. ధర్మం అన్నాడు, సరదా అన్నాడు. మీరు అన్నం అన్నారు." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావకి తేలికగా ఉండేది. "మీ షాపులో వాడు మీకేమవుతాడో మీ ఇష్టం. నా వంటింట్లో వాడు నా తమ్ముడు. నేను పెట్టిన ముద్దకి మీరెవరండీ లెక్క చెప్పడానికి?"

"కోపంలో అన్నాను."

"ఆదివారం వెళ్ళిపోతాడట. మార్కెట్ వెనక గాజు గోదాములో పని ఉందట, పడుకోవడానికి చోటూ ఇస్తారట. ఉండరా అని బతిమాలితే ఒకటే మాట. ఎక్కడ అన్నాడో అక్కడే వెనక్కి తీసుకోమను, అంటున్నాడు."

"అక్కడా? అంతమంది ముందా?" బావ ఒంటికాలి మీద లేచాడు. "నేను వెనక్కి తగ్గితే ఆ అధ్యక్షుడు చేసేదంతా రైటని నేను ఒప్పుకున్నట్టే. ఇన్నాళ్ళు మొత్తుకున్నదంతా బూడిదలో పోసినట్టే."

"ఆయన రైటో తప్పో మన పొయ్యి దగ్గర తేలుతుందా?"

"వాణ్ణే ముందు తీసుకోమను."

"మీరే చెప్పండి. నాకు చాకిరీ చాలా ఉంది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు మామూలుకంటే గట్టిగా మోగాయి.

శుక్రవారం డాన్స్ స్కూలుకి గోడంత అద్దం బిగించాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మేడ మీదికి వెళ్ళి పిలవడానికి బావకి ప్రాణం ఒప్పలేదు. గ్రూపులో తన పక్షాన ఉన్న తలుపులు బిగించే ఆయన్ని పిలిచాడు. బావ ఏం రాసినా కింద 'సెబాష్' అని పెట్టే మనిషి. అందుకని ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

పెద్ద అద్దం మోయడానికి ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ముందు పట్టుకున్నవాడు వెనక్కి నడుస్తాడు. వాడు నోరు మెదపకూడదు, తల తిప్పకూడదు. తల తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అద్దం మెలిపడుతుంది. ఎదురుగా నడిచేవాడు దారి చెబుతాడు. మెట్టు, ఇంకో మెట్టు, గుమ్మం, కొంచెం ఎడమకి, ఆగు. ఇన్నేళ్ళూ వెనక్కి నడిచింది బావ. దారి చెప్పింది బావమరిది. వాడు 'గుమ్మం' అంటే బావ కాలు తనంతట తానే లేచేది.

ఆ రోజు కూడా బావ అలవాటుగా ముందు వైపు పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎదుటివాడికి పద్ధతి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఊపిరి పీల్చమని ఎవరికీ చెప్పం కదా, అలాగే అది చెప్పాల్సిన సంగతి అనిపించలేదు.

"అసలు ఆ ఒప్పందాల సంగతి చూడండి గురువుగారూ" అంటున్నాడు సెబాష్ గారు, అద్దం వెనక నుంచి. "తాతల నాటి స్నేహాలు. ఒక్క సంతకంతో గాలికొదిలేస్తాడా? ఎంత పొగరు? మొన్న మీరు రాసింది అక్షరాలా..."

బావ మడమ గుమ్మానికి తగిలింది. వెనక్కి కూలబడ్డాడు. అద్దం కింది మూల రాతి గుమ్మం మీద టక్కుమంది. చప్పుడు చిన్నదే. పగులు మాత్రం మూల నుంచి పై అంచు దాకా మెరుపులా పాకింది. ఒక్క క్షణం ఆగి, అద్దం మొత్తం జలజలా రాలింది.

"గుమ్మం ఉందండీ అక్కడ" అన్నాడు సెబాష్ గారు.

బావ నేల మీద కూర్చునే ఆయన వంక చూశాడు. "ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ."

"మీకు తెలుసనుకున్నాను. అంత ధీమాగా నడుస్తుంటేనూ."

డాన్స్ టీచరు లోపలి నుంచి పరుగున వచ్చింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదని చూసుకుని, "కొలతలకి వచ్చిన ఆయన ఏరండీ? ఆయన రాలేదేం?" అంది. బావ సోమవారానికి ఇంకో అద్దం తెస్తానన్నాడు. సెబాష్ గారు పాపం మంచివాడే. చీపురు అడిగి తెచ్చుకుని ముక్కలన్నీ ఊడ్చాడు, వేలు కోసుకున్నాడు, ఆ వేలు నోట్లో పెట్టుకుని కూడా సుంకాల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చే దారంతా బావకి కోపమే. సెబాష్ గారి మీద, గుమ్మం కట్టినవాడి మీద, ఆ అధ్యక్షుడి మీద. చివరికి ఆ కోపం అంతా తిరిగి తిరిగి బావమరిది మీద వాలింది. వాడుండి ఉంటే పగిలేది కాదు. ఆ మాట లోపల అనుకున్నాక మంట రెట్టింపైంది. నిజమైన మాట అంత తేలికగా మింగుడుపడదు కదా.

ఆ ఊపులోనే మేడ ఎక్కాడు. బావమరిది తన కట్టర్లని గుడ్డలో చుడుతున్నాడు.

"అద్దం పగిలింది" అన్నాడు బావ, వాడే పగలగొట్టినట్టు.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నా దెబ్బల సంగతి నీకెందుకు? పోతున్నావుగా."

"పోతున్నాను."

"అమెరికా కోసం ఇల్లు వదిలేస్తావా?"

బావమరిది గుడ్డ ముడి వేయడం ఆపాడు. "అమెరికా మీద నువ్వు నన్ను మూర్ఖుడన్నావు, గాడిదన్నావు. నేను తిరిగి రెండన్నాను. దానికి పోతానా? నువ్వు అన్నం అన్నావు బావా. ఊరికే పెడుతున్నావని నాకెప్పుడూ తెలియదు. తెలిస్తే తినేవాణ్ణి కాదు."

ఆ నిమిషంలో ఒక సంగతి బావకి కొరివిలా తగిలింది. స్నేహితుడికి చేసింది లెక్కపెట్టకూడదని ఇన్నాళ్ళు గొంతు చించుకున్నది తను. ఆ లెక్క పెట్టిందీ తనే.

"సరే. తప్పుగా అన్నాను. చాలా?"

"ఇక్కడ చెబితే ఏం లాభం? ఇక్కడ నువ్వు అనలేదుగా."

"అక్కడ రాస్తే అందరూ నవ్వుతారురా."

"అప్పుడూ నవ్వారు" అన్నాడు బావమరిది.

బావ దడదడా మెట్లు దిగి, కోతబల్ల ముందు కూర్చుని ఫోను తీశాడు. అన్నప్పుడు బొటనవేలు గుర్రంలా పరిగెత్తింది. ఇప్పుడు మొరాయించింది. ఒక వాక్యం రాసి, 'కానీ' అని పెట్టి, ఆ కింద అధ్యక్షుడి విధానాల మీద ఒక పేరా రాశాడు. ఇల్లాలు భుజం మీదుగా వంగి చదివింది.

"ఆ కానీ దగ్గర నుంచి కొట్టెయ్యండి."

"అది వేరే విషయమే."

"వేరే అయితే వేరే రోజు రాసుకోండి."

పళ్ళు నూరుతూ కొట్టేశాడు. మిగిలింది ఇంతే. "మా బావమరిది ఊరికే తింటున్నాడని ఇక్కడ అన్నాను. అది అబద్ధం. వాడి కష్టం లేనిదే ఈ షాపు లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను." పంపాడు.

అవతలివాళ్ళు పండగ చేసుకున్నారు. "అయితే అధ్యక్షుడు రైటేనన్నమాట" అన్నాడొకడు. "పెద్దతల వంగింది" అన్నాడింకొకడు. ఎప్పుడూ సెబాష్ అనే ఆయన మొదటిసారి వేరే మాట రాశాడు: "ఇంటి గొడవలకి మన పక్షం పరువు తియ్యడం న్యాయమా గురువుగారూ?" బావ చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఒక్కొక్కడికీ దిమ్మతిరిగే జవాబులు నోటి దాకా వచ్చాయి. ఫోను తీసుకెళ్ళి సొరుగులో పెట్టి మూశాడు. సొరుగు లోపల అది గొణుగుతూనే ఉంది.

కాసేపటికి బావమరిది దిగాడు. ముఖంలో నవ్వు లేదు.

"చూశాను."

"ఊఁ."

"సోమవారం అద్దం నేను కోస్తాను. గోదాముకి రానని చెప్పేశాను."

బావకి గుండె కొంచెం కుదుటపడింది. "సరే. కాళ్ళు కడుక్కురా, భోజనానికి వేళయింది."

"పనికొస్తానన్నాను బావా. భోజనానికి వస్తాననలేదు."

"వెనక్కి తీసుకున్నానుగా. ఇంకేం చెయ్యమంటావ్?"

"నువ్వు తీసుకున్నావు. నేను చదివింది నా దగ్గరే ఉంది" అన్నాడు బావమరిది. "కొన్నాళ్ళు పోనీ."

ఇల్లాలు రెండు కంచాల్లో వడ్డించి, రెండూ పట్టుకుని మేడ ఎక్కింది. మూడో కంచం బల్ల మీద మూతపెట్టి ఉంది. బావ దాని ముందు కూర్చుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని, ఇంత ముద్ద ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టబోయాడు. చేతులు సగంలో ఆగాయి. ఆ దేవుడు ఎప్పుడైనా 'ఊరికే తింటున్నావు' అంటే తన దగ్గర జవాబేముంది? ఏమీ లేదు. ఆ ఆలోచన వచ్చాక ఒంటరిగా కూర్చుని తినడం ఆయన వల్ల కాలేదు. పిలవకుండా పైకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. కంచం పట్టుకుని లేచి, మెట్ల మధ్యలో కూర్చున్నాడు.

పైనుంచి బావమరిది అక్కకి సుంకాల గురించి చెబుతున్నాడు. అంతా తప్పుల తడక. బావ దవడలు బిగించుకుని ముద్ద మింగాడు. మంచినీళ్ళ కోసం గదిలోంచి బయటికొచ్చిన బావమరిది మెట్ల మీద ఆయన్ని చూసి ఆగాడు.

"అక్కడ కూర్చున్నావేంటి? దారికి అడ్డం."

"ఎవరి దారికి? నువ్వు కిందికి రానన్నావుగా."

బావమరిది నీళ్ళు లేకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వేయలేదు. బావ తినడం కొనసాగించాడు. కోపం ఇంకా తగ్గలేదు. అన్నం చల్లారిపోయింది.