ముప్పై ఒక్క గుడ్లు

పదో తరగతి వరుసకని వంటావిడ పంపిన పళ్లెంలో ముప్పై ఒక్క గుడ్లే ఉన్నాయి. లక్ష్మీదుర్గ రెండోసారి లెక్కపెట్టింది. హైస్కూలు తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్ అయినప్పటి నుంచి వారానికి రెండుసార్లు మధ్యాహ్న భోజనం వేళకి వచ్చి చూసి పోవడం ఆమెకు అలవాటు. పోయిన వారం దాకా ఆ పళ్లెంలో ముప్పై నాలుగు ఉండేవి.

"ముగ్గురు రాలేదా?"

"రాలేదో, ఇక రారో నాకేం తెలుసమ్మా. పదో తరగతికి ముప్పై ఒకటే ఉడకెయ్యమన్నారు," అంది వంటావిడ గరిటె కడుక్కుంటూ.

పిల్లలు ఒకపూట రాకపోతే గుడ్లు మిగలాలి. ముందే తగ్గించి ఉడకేశారంటే వాళ్లు రారని ఎవరికో ముందే తెలుసన్నమాట. లక్ష్మీదుర్గ వరుస వెంట నడిచి చూసింది. మెహర్ లేదు. వారం రోజులుగా సాయంత్రాలు తన వసారాలోకి లెక్కలు చెప్పించుకోవడానికి కూడా రావడం లేదు. జ్వరమేమో అనుకుంది. మొన్నటి పరీక్షలో లెక్కల్లో ఇరవై తొమ్మిది వచ్చాయి ఆ పిల్లకి. ఇంకో ఆరు మార్కులు వస్తే పాసు. ఇంటర్ చదివి నర్సింగులో చేరతానని ఆ పిల్ల చెప్పినప్పుడల్లా, ముందు ఆ ఆరు మార్కుల సంగతి చూడవే అనేది లక్ష్మీదుర్గ.

హెడ్మాస్టరు శ్రీకృష్ణ ఆమెను చూడగానే ఎదురొచ్చి కుర్చీ వేశాడు. ఆయన అంత మర్యాద ఎప్పుడూ చేయడు.

"మీకే కబురు పంపుదామనుకుంటున్నా మేడమ్. ప్రణాళిక తయారైంది. సోమవారం ఒంగోల్లో మీటింగు. మీ సంతకం ఒక్కటే తక్కువ."

నిరుడు పదో తరగతిలో నూటికి అరవై ఒక్కరే పాసయ్యారు. మండలంలో ఈ బడిదే అట్టడుగు. అందుకని వంద రోజుల మెరుగుదల ప్రణాళిక రాసి తెమ్మని పైనుంచి తాఖీదు వచ్చింది. లక్ష్మీదుర్గ కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవసాగింది. పొద్దున గంట, సాయంత్రం గంట అదనపు క్లాసులు. ఒక్కో మాస్టారుకి అయిదుగురు పిల్లల బాధ్యత. వారం వారం చిన్న పరీక్షలు. అంతా బాగానే ఉంది.

"అంతా చదవక్కర్లేదు మేడమ్. అన్ని బళ్లదీ ఇదే నమూనా."

"చదవకుండా నేను పాలచీటీ మీద కూడా సంతకం పెట్టనండీ."

చివరి పేజీలో పిల్లల పేర్లున్నాయి. ముప్పై ఒకటి. కింద 'ఆశిస్తున్న ఫలితం: నూటికి నూరు' అని రాసుంది.

"మెహర్ పేరేదీ?"

"వాళ్లు ఓపెన్ స్కూలుకి మారుతున్నారండీ, ఆ అమ్మాయీ, ఇంకో ఇద్దరూ. తల్లిదండ్రులే రాసిచ్చారు. రోజూ బడికి రానక్కర్లేదు, ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాసుకోవచ్చు. ఇందులో నా బలవంతం ఏమీ లేదు."

బలవంతం మాట ఆమె ఎత్తనేలేదు. "ఆ కాగితాలు ఒకసారి చూపిస్తారా?"

"బీరువా తాళం క్లర్కు దగ్గరుంది. రేపు రండి."

మిరప పండించే ఇంట్లో పుట్టి, మిరప పండించే ఇంటికే కోడలైన మనిషికి ఆ ముప్పై ఒకటి ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. కల్లంలో తెల్లబడ్డ తాలు కాయలు ఏరి పక్కన పోస్తే మిగిలిన రాశి ఎర్రగా నిగనిగలాడుతుంది. రాశిలో ఒక్క కాయ కూడా కొత్తగా పండదు. మెహర్‌ను తాలు కింద ఏరేశారు.

బడి నుంచి నేరుగా సైదాబీ ఇంటికి వెళ్లింది. మెహర్ తల్లి సైదాబీ కోతల కాలంలో లక్ష్మీదుర్గ వాళ్ల చేలోకే కూలికి వస్తుంది. లక్ష్మీదుర్గను చూడగానే మెహర్ లోపలికి తప్పుకుంది.

"పిల్లని బడి మానిపించావంటగా, సైదాబీ?"

"మానిపించడం ఎందుకక్కా, ఓపెన్లో రాస్తది. ఫెయిలైతే పరువు పోద్దంట కదా."

"ఎవరన్నారు? హెడ్మాస్టరా?"

"అందరూ అంటున్నారు."

"కాగితం ఎవరు రాశారు? నీకు రాయడం రాదుగా."

సైదాబీ చీర కొంగుతో లేని దుమ్ము దులిపింది. "నన్నడక్కు దుర్గక్కా. నీ ఉప్పు తింటున్నా."

ఆ మాట లక్ష్మీదుర్గకు అప్పుడు అర్థం కాలేదు. దారి పొడుగునా నమిలింది. హెడ్మాస్టరు పేరు చెప్పడానికి తన ఉప్పెందుకు అడ్డం రావాలి?

మర్నాడు బడి గంట కొట్టక ముందే ఆఫీసు గది ముందు నిలబడింది. శ్రీకృష్ణ తాళం కోసం జేబులు తడుముకుని, చివరికి సొరుగులోంచే మూడు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. మూడింటి మీదా వేలిముద్రలు. మూడింటిలోనూ ఒకే రాత. ఆ రాత ఆయనదే అయి ఉంటుందని ఆమె రాత్రి నుంచీ నమ్ముతోంది. కాదు. ఆయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఇవి కుడికి వాలి ఉన్నాయి. రాత అయిపోయిన చోట, కింద రెండు అడ్డగీతలు, వాటి నడుమ ఒక చుక్క.

ఆ గుర్తు ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ తెలుసు. ఏటా గుంటూరు యార్డుకి పోయే ప్రతి మిరప టిక్కీ మీద ఊరూ పేరూ రాశాక, బస్తాలు తారుమారు కాకుండా ఆమె భర్త ప్రేమ్‌చంద్ కుంచెతో పెట్టే గుర్తది. గోతాం మీద రాసీ రాసీ చేతికి పట్టిన అలవాటు, కాగితం మీద కూడా ఆగలేదు.

లక్ష్మీదుర్గ మూడు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుంది.

"అవి ఆఫీసువండీ," అన్నాడు శ్రీకృష్ణ.

"అయితే నాతో రండి. రాసినాయన్నే అడుగుదాం."

ఆయన రాలేదు.

ప్రేమ్‌చంద్ వసారాలో కాఫీ తాగుతున్నాడు. ఆమె మూడు కాగితాలూ అతని ముందు పరిచి, చుక్క మీద వేలు పెట్టింది. అతను గ్లాసు కింద పెట్టాడు.

"హెడ్మాస్టరే అడిగాడు దుర్గా. మీ దగ్గర కూలికొచ్చేవాళ్లు మీ మాటైతే వింటారు, మీరు చెప్పండి అన్నాడు. ఆయన శాతం ఆయనకి, మన కోత మనకి."

"ఈ పిల్లలు మన కోతకా?"

"మరి? మగాళ్లంతా చీమకుర్తి క్వారీలకి పోతున్నారు. జనవరి వస్తే కాయ కోసే మనిషి లేడు. ఎటూ తప్పే పిల్లలేగా. పరీక్ష రాయొద్దన్నామా ఏంటి?"

"మెహర్ తప్పుతుందని నీకెవరు చెప్పారు? ఈ వసారాలో కూర్చుని దానికి లెక్కలు చెబుతున్నది నేను."

"నువ్వు ఛైర్మన్ అయ్యావు గదా అని ఇల్లు కూడా బడి చేస్తావా?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. లక్ష్మీదుర్గ లోపలికి వెళ్లి తెల్లకాగితాలు మూడు, పెన్ను తెచ్చి అతని పక్కన పెట్టింది.

"పరీక్ష ఫీజుకి శనివారం ఆఖరు. పిల్లల్ని బడిలోనే ఉంచుతామని రాయి. రాసి నువ్వే ఇళ్లకి తీసుకెళ్లి, నువ్వే చదివి వినిపించి వేలిముద్రలు వేయించు. లేదంటే సోమవారం ఒంగోలు మీటింగులో ప్రణాళిక బదులు ఈ పాత కాగితాలు పెడతా. ఆ గుర్తు ఎవరిదో యార్డుకెళ్లే వాళ్లెవర్నడిగినా చెబుతారు."

"మొగుణ్ణి బజారున పెడతావా?"

"నువ్వే పెట్టుకున్నావు. కింద చుక్కతో సహా."

అతను పెన్ను మూత తీశాడు. ఆమె పక్కకి తప్పుకోలేదు. ఒక్కో వాక్యం అయ్యేదాకా నిలబడి చదివింది. మొదటి కాగితం చివర అతని చెయ్యి తనంతట తనే రెండు గీతలు గీసి, చుక్క పెట్టబోయి ఆగింది.

"పెట్టు," అంది లక్ష్మీదుర్గ. "ఈసారి ఉండాలి."

శనివారం మధ్యాహ్నం, వేలిముద్రలు పడ్డ మూడు కొత్త కాగితాలూ చేతికి అందాక, శ్రీకృష్ణ పాత చివరి పేజీ తీసేసి కొత్తది జతచేశాడు. ముప్పై నాలుగు పేర్లు. ఆశిస్తున్న ఫలితం దగ్గర ఖాళీ వదిలాడు. ఆమె సంతకం పెట్టి పెన్ను ఇచ్చింది గానీ కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకేంటి మేడమ్?"

"ఫీజు కట్టిన రసీదులు. ఆ ముగ్గురివీ."

ఆయన కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. లక్ష్మీదుర్గ కళ్లజోడు పెట్టుకుంది. మెహర్ పేరూ, తండ్రి పేరూ, పుట్టిన తేదీ ఒక్కొక్కటీ చదివి, మిగతా ఇద్దరివీ చదివి, మళ్లీ మెహర్ దగ్గరికి వచ్చింది. అప్పుడు లేచి వంటింటి వైపు నడిచింది, సోమవారం ఎన్ని గుడ్లు ఉడకెయ్యాలో వంటావిడకి తన నోటితోనే చెప్పడానికి.