పది వరసల గోళీలు

రష్యాలో కామా నది మీద మంచు కిర్రుమంటోంది.

ఏప్రిల్. గట్టున నిలబడితే అరికాళ్ళకు తెలుస్తుంది... మంచు కింద నీళ్ళు కదులుతున్నాయి. పైన మంచు ఇంకా పట్టు విడవలేదు.

రిమ్మా చెవి మాత్రం మంచు మీద లేదు. వెనక చమురు బావి. రెండు కిలోమీటర్ల లోతున, గొట్టాల చివర, రాయి తొలిచే ఒక మోటారు. అందులో తను డిజైను గీసిన బేరింగు. ఇక్కడికి వినపడదని తెలుసు. అయినా వింటోంది.

పైనుంచి పంపే బురదనీళ్ళే ఆ మోటారును తిప్పుతాయి. రాతి మీద మోపే బరువును గోళీలు మోస్తాయి. పది వరసల ఉక్కు గోళీలు. చీకట్లో, వేడిలో, ఇసుకలో.

పాత బేరింగుల్లో పదింట్లో ఒక్క వరసే మొత్తం మోసేది. అది చితికేది. తరవాత దాని పక్కది.

ఇంకా బిగించండి — ఫ్యాక్టరీలో అందరిదీ ఒకే మాట. ముప్ఫై ఏళ్ళు రిమ్మా కూడా బిగించింది. బిగించడమే తప్పని తెలిసిన రోజు సిగ్గుతో అన్నం సయించలేదు. వరసకూ వరసకూ మధ్య పలచటి స్ప్రింగు రేకు పెట్టింది. బరువు పడితే ఒక వరస కాస్త వంగాలి. అప్పుడు పక్కది అందుకుంటుంది.

వదులు చేసి డిజైనంటోందని వర్క్‌షాపంతా నవ్వింది.

ఆ రేకులు పెట్టిన రెండు మోటార్లు నుజ్జయి పైకొచ్చాయి. ఇది మూడోది. ఇదీ పోతే డ్రాయింగులు బీరువాలోకి, రిమ్మా పింఛనులోకి.

పరీక్షకు పెట్టిన నూట యాభై గంటలు నిండాయి.

గొట్టాలు పైకొస్తున్నాయి. ఒకటి... ఇంకొకటి... చివరికి, బురద కారుతూ, మోటారు.

డ్రిల్లరు ఇల్దుస్ దాన్ని బర్చ్ చెట్టు దుంగ మీద ఆనించాడు. ఇరుసు తుడిచి సుద్దగీత పెట్టాడు. మెల్లగా ఎత్తించి మళ్ళీ గీత. రెండు గీతల మధ్య ఎడమే గోళీల అరుగుదల; అది ఐదు మిల్లీమీటర్లు దాటితే తుక్కే.

రిమ్మాకు భయమేసింది. నది వైపు తిరిగిపోయింది.

"అటు తిరిగితే తగ్గుతుందా, రిమ్మా సవేల్యెవ్నా?"

"నువ్వే చెప్పు."

"రెండున్నర."

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు చూశాను. నమ్మకం లేకపోతే కళ్ళద్దాలు తెచ్చుకోండి."

తెచ్చుకుంది. చూసింది. రెండున్నరే. కళ్ళద్దాలు తడిశాయి.

విప్పి చూడటానికి వర్క్‌షాపుకి పంపాలని నియమం. ఇల్దుస్ పంపేలా లేడు. ఇంకో నూట యాభై గంటలు మోస్తుందా అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళూ ఆ ప్రశ్నకు ఆమె దగ్గర లెక్క ఉండేది.

"తెలీదు," అంది రిమ్మా. నవ్వుతూ. "దింపు."

మోటారు మళ్ళీ చీకట్లోకి దిగింది.

ఆమె గట్టుకు నడిచింది. మంచు కింద నీళ్ళ కదలిక అరికాళ్ళకు తెలుస్తోంది.

నది మీద మంచు కిర్రుమంది... కాస్త వంగింది.