మోగని ఫోను

ఆయన కుడిచేతి వేళ్ళు ముడిచి, వెనకవైపుతో ఒక్కో ట్యూనర్‌నీ తాకి చూస్తున్నాడు. జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు ఒక్క క్షణం ఆనించి తీసేస్తాడు. పై అరలోవి ఎప్పుడూ కాస్త వెచ్చగానే ఉంటాయి. కింది అరలో మూలనున్న వంటల ఛానెల్ ట్యూనర్‌దే తిక్క వ్యవహారం. వేడెక్కిందంటే తెర మీద మనిషి ఎత్తిన గరిటె ఎత్తినట్టే ఉండిపోతాడు. అందుకని దాని వెనక విడిగా ఒక చిన్న ఫ్యాను పెట్టాడు.

"నీకు చాకిరీ చెయ్యడానికే పుట్టాన్రా నేను," అని రోజూ దాన్ని ఒక మాట అంటాడు. ఇవాళా అన్నాడు.

రెండో అంతస్తులో మెట్లను ఆనుకుని ఉన్న కేబుల్ టీవీ గది అది. ఎండ పొడ తగలకుండా కిటికీ అద్దాలకు నల్లకాగితం అతికించి ఉంటుంది. ఇనుప అరల నిండా ట్యూనర్లు, ఛానెల్‌కొకటి. ప్రతిదాని నుంచీ ఒక వైరు బయలుదేరి, బల్ల మీదున్న పెద్ద కన్వర్టర్ పెట్టెలోకి దూరుతుంది. అందులోంచి బొటనవేలంత లావు కేబుల్ గోడకున్న కంతలోంచి బయటికి పోతుంది. బొమ్మల్ని, పాటల్ని ఆ పెట్టె అంకెలుగా మారుస్తుందని, ఇళ్ళల్లోని బాక్సులు ఆ అంకెల్ని మళ్ళీ బొమ్మలుగా విప్పుతాయని, ఈ కేబుల్ వ్యాపారం పెట్టిన బావమరిది ఆయనకు చెప్పాడు. "నేనక్కడ మూట కట్టి పంపిస్తాను, ఇక్కడ నీ బాక్సు విప్పుతుంది," అని ఈయన ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె నవ్వింది.

ఆయనది పొడుగాటి ఒళ్ళు. అరల మధ్య వంగి వంగి మెడ ముందుకు వచ్చేసింది. చొక్కా జేబులో టెస్టర్ మొన పొడుచుకుని ఎప్పుడూ ఒక చిల్లి. ఫ్యాన్ల హోరులో బతికినవాడు కావడంతో బయట కూడా గట్టిగా మాట్లాడతాడు. వీధిలో అందరికీ ఆయన సిగ్నల్ బాబాయి. ఆ పేరు పెట్టింది కూడా ఈ గదే. బావమరిది మొదటి డిష్ కొన్నప్పుడు వాడు డాబా ఎక్కి దాన్ని తిప్పుతుంటే, కింద ఈ గదిలో టీవీ ముందు నిలబడి "వచ్చింది... పోయింది... ఆ, వచ్చింది, కదపకు!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది ఈయనే. చివరికి బొమ్మ నిలిచినప్పుడు ఇద్దరూ చిన్నపిల్లల్లా కావలించుకున్నారు. అప్పటికి వాడికింకా సరిగ్గా మీసాలు రాలేదు.

టప్‌మని చిన్న శబ్దం. గది చీకటైంది.

ముందు ఆయనకు చీకటి కాదు, నిశ్శబ్దం తెలిసింది. ఫ్యాన్లు ఒకదాని వెంట ఒకటి నీరసించి ఆగిపోయాయి. తన ఊపిరి తనకే వినిపించింది. తడుముకుంటూ వెళ్ళి ఫ్యూజు పీకి చూస్తే తీగ మాడిపోయి ఉంది. సొరుగులో కొత్త తీగ లేదు. ఊరంతా టీవీలు నల్లబడి ఉంటాయి.

గబగబా వచ్చి ఫోను దగ్గర కూర్చున్నాడు. ఇదివరకైతే బొమ్మ రెప్పపాటు ఆగినా ఫోను ఇల్లెగిరిపోయేలా మోగేది. "ఏమయ్యా, పడుకున్నావా?" "అత్తగారు విషం కలిపింది, కోడలు తాగిందో లేదో మాకెలా తెలుస్తుందయ్యా!" ఆ తిట్లంటే ఆయనకు లోలోపల ఇష్టం. బాక్సులు వచ్చాక అవి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయాయి. "డిజిటల్ అంటే అంతే బావా, కంప్లయింట్లే ఉండవు," అన్నాడు బావమరిది. తన పనితనం కూడా కొంత ఉందిలే అనుకున్నాడు ఈయన.

ఇప్పుడు మాత్రం మోగక తప్పదు. గొంతు సవరించుకుని, "ఒక్క పది నిమిషాలమ్మా, ఫ్యూజు పోయింది," అనడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఫోను మోగలేదు. రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. బాగానే ఉంది. మళ్ళీ పెట్టేశాడు. గాలి కోసం లేచి కిటికీ రెక్క తోశాడు.

ఎదురుగా సెలూన్‌లో టీవీ ఆడుతోంది. కుర్చీలో మనిషి ముఖం నిండా నురగతో తల పక్కకి తిప్పి దాన్నే చూస్తున్నాడు. తెర మీద ఎవరో గరిటెతో ఏదో కలుపుతున్నారు.

ఆయన మెట్లు దిగి, రోడ్డు దాటి, సెలూన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"రా బాబాయ్, ఏంటీ వేళప్పుడు?" అన్నాడు సెలూన్ యజమాని.

"టీవీ వస్తోందా?"

"ఎందుకు రాదు?"

"నా గదిలో కరెంటు లేదు."

యజమాని చేతిలో కత్తి ఆగింది. నురగ ముఖం మనిషి మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండానే, "ఆ గదికీ దీనికీ సంబంధమేంటండీ? పోయిన వేసవిలోనే పెద్ద కంపెనీ లైను ఇచ్చారుగా. ఊరంతా అదే," అన్నాడు.

అప్పుడు ఆయన అద్దంలోకి చూశాడు. యజమాని పెదవి కొరుక్కుని, కుర్చీలోని మనిషికి వద్దన్నట్టు కనుసైగ చేస్తున్నాడు.

ఆ సైగ చూశాక ఇంకేమీ అడగాలనిపించలేదు. వీధిలోకి వచ్చాడు. కిరాణా కొట్టతను ఎప్పటిలాగే చెయ్యెత్తి, "సిగ్నల్ ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు. రోజూ వినే మాటే. ఇవాళ అందులో నవ్వు వినిపించింది. అది రోజూ ఉండేదో, ఇవాళే వచ్చిందో తేల్చుకోలేకపోయాడు.

డాబా మీదికి వెళ్ళాడు. గోడ కంతలోంచి వచ్చిన లావు కేబుల్ గొట్టం వెంబడి పైకి పాకి, పిట్టగోడ దాకా వచ్చి, అక్కడ చుట్టగా చుట్టి కొక్కేనికి వేలాడుతోంది. కోసిన కొనకు నల్లటేపు. వాన పడకుండా దాని మీద ప్లాస్టిక్ సంచి ముక్క, దారంతో కట్టి. ఎంత శ్రద్ధగా చేశారో. టేపు చివర లోపలికి మడిచి నొక్కిన తీరు చూడగానే అది ఎవరి చెయ్యో తెలిసిపోయింది. ఆ మడత బావమరిదికి ఆయన నేర్పిందే.

పిట్టగోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కాసేపటికి బావమరిది ఒగరుస్తూ వచ్చాడు. సెలూన్ నుంచి కబురు వెళ్ళినట్టుంది.

"బావా, కిందికి రా. ఎండగా ఉంది."

"లైను ఎవరికిచ్చావని నేనడగనురా. నీ వ్యాపారం, నీ ఇష్టం. మరి కింద ఈ మిషన్లన్నీ ఎందుకు తిరుగుతున్నాయి?"

వాడు చెప్పులతో నేల రాశాడు. "నీకోసమే బావా."

ఆయన కేబుల్ కొనకున్న సంచి ముక్కను వేలితో తాకి చూశాడు.

"అక్క ఏడ్చింది. నీకు ఆపరేషన్ అయినప్పుడు మంచం మీద గోడకి తిరిగి పడుకున్నావు చూడు, అలా అయిపోతావని భయపడింది. ఆయన్ని గదిలోనే ఉండనివ్వరా అంది. నాకూ మనసొప్పలేదు."

"మొన్న ఎన్నికల ఫలితాల రోజు నీకు ఫోన్ చేశాను."

బావమరిది తల దించుకున్నాడు.

ఆ పొద్దున ఆయన చెల్లెలి భర్త పోయాడు. పక్క ఊరే, బస్సులో మధ్యాహ్నానికి చేరొచ్చు. ఊరంతా టీవీల ముందు కూర్చునే రోజున గది వదిలి ఎలా వెళ్ళడం? ఏం చెయ్యమంటావురా అని వీడినే అడిగాడు.

"ఏమన్నావో గుర్తుందా? 'ఇవాళ నువ్వు లేకపోతే ఊరంతా చీకటే బావా' అన్నావు."

"ఎప్పుడూ అనే మాటే... అలవాటుగా నోటికొచ్చింది బావా."

ఆ రోజు ఆయన సాయంత్రం దాకా ఈ కింది గదిలోనే, నీళ్ళు తాగడానికి కూడా లేవకుండా కూర్చున్నాడు. మర్నాడు వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. చెల్లెలు ఆయన వంక చూసి, "ఎవరి టీవీ కూడా ఆగలేదు కదా అన్నయ్యా?" అంది. అంతే. మళ్ళీ మాట్లాడలేదు. ఆ మాట గుచ్చుకున్నప్పుడల్లా, పని అలాంటిదమ్మా అని మనసులోనే జవాబు చెప్పుకుంటూ వచ్చాడు.

లేచి, తాళంచెవి వాడి చేతిలో పెట్టాడు. "వంటలదాని ఫ్యాను తీసి ఎవరికైనా ఇచ్చెయ్. బాగానే తిరుగుతుంది." వాడు "బావా" అని చెయ్యి పట్టుకోబోయాడు. ఆయన ఆ చేతిని మెల్లగా తప్పించి దిగిపోయాడు.

ఇంట్లో టీవీ ఆపేసి ఉంది. ఆ వేళకి అది మోగుతూనే ఉండాలి. భార్య మంచం పట్టె మీద, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తమ్ముడు చెప్పేసి ఉంటాడు.

"నీకు మొదటి నుంచీ తెలుసా?"

"తెలుసండీ."

"రోజూ అడిగేవాణ్ణి. బొమ్మ అద్దంలా ఉంది అనేదానివి."

"మీ ముఖం వెలిగేది, ఆ మాటంటే. తప్పే. మీరు పొద్దున్నే గడ్డం గీసుకుని, దువ్వుకుని వెళ్తుంటే... అది పోగొట్టలేకపోయాను."

"ఆ ఒక్క రోజైనా చెప్పొచ్చుగా. చెల్లి మొగుడు శవమై ఉన్నాడు. నాకు చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, గదికి పంపావు."

"నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క రోజు చెప్తే, చెప్పని రోజులన్నిటికీ జవాబు చెప్పాలి. భయమేసింది."

తిట్టాలనుకున్నాడు. అంతమంది కలిసి తనను పసివాణ్ణి చేసి, చేతిలో బొమ్మ పెట్టి కూర్చోబెట్టారు. అందరికంటే ముందు ఈమె. కొయ్య మీంచి రెండు చొక్కాలు తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"చెల్లి దగ్గరికి."

"నేనూ రానా?"

"వద్దు. దానికి నేను చెప్పుకోవాల్సింది ఉంది."

"మళ్ళీ ఎప్పుడొస్తారు?"

సంచి మూతి ముడి వేస్తూ, "చూద్దాం," అన్నాడు. ఆ మాట ఆయన నోటికి కొత్త. ఎవరేమడిగినా "ఇదిగో వచ్చేస్తుంది" అనడమే ఆయనకు అలవాటు.

ఆమె వంటింట్లోకి పరుగెత్తి, సీసాలో చల్లటి నీళ్ళు నింపి తెచ్చింది. చేతికివ్వడానికి ధైర్యం చాలక, అరుగు మీద ఆయన చెప్పుల పక్కన పెట్టింది. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. సాయంత్రపు ఎండలో మెడ ముందుకు వంచి బస్టాండు వైపు నడిచి, మలుపు తిరిగాడు.

అరుగు మీద సీసా మూత బిగించినట్టే ఉంది, దాని ఒంటికి పట్టిన నీటిబొట్లు ఒక్కొక్కటే కిందికి జారి, చుట్టూ గుండ్రంగా తడి పరుచుకుంటోంది.