ఎడమకు తిరిగిన బురద

మా అత్త దహీబాది ఎడమచేతి వాటం. దానికి ఊరంతా ఆవిణ్ణి ఎగతాళి చేసేది. ఆవిడ లెక్కచేసేది కాదు. వరద నెలల్లో నైలు ఎర్రగా పారేటప్పుడు, జీరు అని మేం పిలిచే పెద్ద మట్టికుండ నిండా నీళ్లు పోసి, చేదు ఆప్రికాట్ పప్పును లోపలి గోడకు ఎడమచేత్తోనే అరగదీసి కలిపేది. మధ్యాహ్నానికి బురద ఎడమకు చుట్టలు తిరిగి అడుగున పేరుకునేది. పైన నీళ్లు తేటగా నిలిచేవి.

ఆ తేటనీళ్లను కూడా మళ్లీ మరిగించేది. నాకు ఒళ్లు మండేది.

"అద్దంలా ఉన్నాయి కదత్తా! ఇంకా ఈ పొయ్యి దగ్గర మాడి చావడమెందుకు?"

"అద్దంలో నీ మొహం కనిపిస్తుందే, రోగం కనిపించదు" అనేది.

రంజాన్‌కు ముందు ఆవిడ పోయింది. నేను మరిగించడం మానేశాను. నీళ్లు తేరగానే నా రెండేళ్ల కూతురు నజాత్‌కు పట్టేదాన్ని. వారం తిరక్కుండా పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోతుకు పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు.

ఆ మధ్యాహ్నం నజాత్ కప్పు పట్టుకుని జీరు మూత తీశాను. కప్పు ముంచబోతే లోపల గరగరమని చప్పుడు, గోడకు పప్పు రాస్తున్నట్టు. చూస్తుండగానే అడుగు బురద లేచి, ఎడమకు తిరుగుతూ పైకొచ్చింది. నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. మళ్లీ తేరాక నా గిన్నె ముంచితే ఏమీ కాలేదు. పిల్ల కప్పు తెస్తే మళ్లీ అదే చప్పుడు, నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.

పక్కింటి ఫక్రియా చూసి గుండెలు బాదుకుంది.

"చచ్చినా ముసలిదానికి నీ మీద కసి తీరలేదే సకీనా! పగలగొట్టవే ఆ జీరుని!"

నాకూ అలాగే అనిపించింది. పిల్ల నోటికాడి నీళ్లు లాక్కుంటోందని కోపంతో రోకలి ఎత్తాను. మంచం మీంచి నజాత్ "నీళ్లు" అంది. గొంతు సగమే వచ్చింది. ఇంట్లో ఉన్నవి ఆ ఎర్రనీళ్లే. రోకలి పక్కన పడేసి, వాటినే గుడ్డలో వడగట్టాను. అలా ఇవ్వడానికి భయమేసి పొయ్యి మీద పెట్టాను. నీళ్లు తెర్లుతుంటే జీరులో చప్పుడు ఆగిపోయింది. చల్లార్చి, కాస్త ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టాను.

మూడో రోజుకు నజాత్ లేచి కూర్చుని ఖర్జూరం కావాలని పేచీ పెట్టింది. అత్తను ఎన్ని మాటలన్నానో తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత రోజూ మరిగించాను. జీరు కిక్కురుమనలేదు. వరద తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున ఉండబట్టలేక, కావాలనే పిల్ల కప్పును పచ్చినీళ్లలో ముంచాను. నీళ్లు కదల్లేదు.

"అత్తా" అని పిలిచాను. ఎవరూ రాలేదు. ఆవిడ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. కప్పు తీసుకెళ్లి ఆ నీళ్లు పెరట్లో పారబోశాను.

మర్నాడు జీరు నింపి పప్పు అరగదీస్తుంటే ఫక్రియా గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమే, ఎడమచేత్తో అరగదీస్తున్నావేంటే? నీది కుడిచేతి వాటం కదూ?"

చెయ్యి వంక చూసుకున్నాను. ఆపబోయాను. నీళ్లకు సరిపడా పప్పు అరిగేదాకా అది ఆగలేదు.